ఆడలేక వాల్వు ఓడు

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పుట్టిన కాలానికి వాల్వులు లేవు. లేవు గనక ఆ నింద మద్దెల మోసింది. ఇవాళ పుట్టి ఉంటే ఈసీసీ83 అనే గాజుబుడ్డి మోసేది. గుడివాడలో మా బావమరిది ఇంట్లో అది మోస్తూనే ఉంది.

మా బావమరిదికి మేడమీద ఒక గది ఉంది. గోడలకి దుప్పట్లు వేలాడగట్టి, కోడిగుడ్ల అట్టలు అంటించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. (కోడిగుడ్ల అట్టలు బయట రొదని లోపలికి రాకుండా ఆపవు. గుడ్లని పగలకుండా కాపాడతాయి, అంతే. ఆ సంగతి వాడితో చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.) వాడి ఉద్దేశం మాత్రం చాలా మంచిది. వాళ్ళ మేనత్త ఒకావిడ నాగాయలంక దిగువన ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిననాటికి ఆవిడకి పాతికేళ్ళ లోపే. తుమ్మచెట్టు కొమ్మ కరుచుకుని తెల్లవార్లూ ప్రాణం నిలబెట్టుకున్న మనిషి. ఊడుపు పాటలూ, పెళ్ళిపాటలూ ఎన్ని వచ్చో ఆవిడకే లెక్క తెలియదు. ఇవన్నీ ఆవిడ గొంతుతోనే పట్టి ఉంచాలని వాడి కోరిక. ఉప్పెనని ఇరవై ఏళ్ళ వయసులో కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడు డెబ్భైకి అటూ ఇటూ ఉన్నారు. కనక తొందరపడవలసిన పనే.

కాని మా వాడు తొందరపడింది పని గురించి కాదు, వాల్వు గురించి.

మైకులోంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యో వంతు, మహా అయితే రెండు మూడు వంతులు. దాన్ని పెంచి కంప్యూటరుకి అందించే పెట్టెనే ప్రీయాంప్లిఫయర్ అంటారు. మా వాడు ట్రాన్సిస్టర్ల పెట్టె కొనుక్కుంటే ఈ వ్యాసం పుట్టేది కాదు. పాత పద్ధతిలో రెండు ఈసీసీ83 వాల్వులతో ఒకటి కట్టించుకున్నాడు. అందులో వేసినవి బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి వాల్వులు. ఆ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ తరవాతి రోజుల్లో మన ఇళ్ళలో మోగిన రేడియోల్లో చాలావాటి కడుపులో ఆ సరుకే ఉండేది. ఈ రెండూ బందరులో మూతపడ్డ ఒక మైకుసెట్టు షాపు అటకమీంచి నేనే తెచ్చి ఇచ్చాను.

నాలుగు రోజులు బాగానే పాడింది. ఐదోరోజు చిటపటలు మొదలయ్యాయి. ఎవరైనా బల్ల తడితే పెట్టెలో గంట కొట్టినట్టు "టింగ్" అని మోగడం మొదలైంది.

"బావగారూ, ఇవి పనికి రావండీ. టెలిఫంకెన్ వెయ్యాలి" అన్నాడు.

"ఏం, దీనికేమొచ్చింది?"

"మీరు పాతకాలం వాళ్ళు. మీకు తెలీదండీ. టెలిఫంకెన్ వేస్తే గొంతులో వెచ్చదనం వస్తుంది."

పాతకాలం వాణ్ణి కాబట్టే కదా తెలిసింది! బందరులో రేడియో షాపు బల్లమీద కూచుని కాళ్ళు ఊపుకుంటూ పెరిగినవాణ్ణి నేను. ఈ వెచ్చదనమనే మాట ఆ షాపులో ఒక్కనాడూ వినలేదు. "గరగర పోయిందా, హమ్మింగు తగ్గిందా" అనే అడిగేవాళ్ళు జనం. వాల్వు వేడెక్కుతుంది, నిజమే. ఆ వేడి వేలికి తగులుతుంది. చెవికి తగులుతుందని ఎవడు చెప్పాడో గాని వాడు మంచి వ్యాపారస్థుడు.

ఈ పిచ్చి ఒక్క మా బావమరిదికే పట్టి ఉంటే ఇంటిగుట్టు పత్రికకి ఎక్కించేవాణ్ణి కాను. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే కుర్రాళ్ళలో పదిమందిని కదిలిస్తే నలుగురు ఇదే పాట పాడుతున్నారు. అడిగితే సాక్ష్యం ఒకటి చూపిస్తారు: పాత వాల్వు రేడియోలో విజయవాడ కేంద్రం వినండి, ఆ గొంతులు ఎంత గుండ్రంగా, ఎంత నిండుగా ఉండేవో! ఒప్పుకున్నాను. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం నాటకాల్ని మా వీధి వీధంతా ఒకే రేడియో చుట్టూ చేరి విన్నది. కాని ఆ గుండ్రదనం వాల్వు పెట్టింది కాదు. మీడియం వేవు మీద పై స్వరాలు సగానికి పైగా రానే రావు. ఆ మిగిలింది పెద్ద కర్రపెట్టెలో, ఎనిమిదంగుళాల స్పీకరులోంచి వచ్చేది. పైది కత్తిరిస్తే కింది గొంతు గుండ్రంగా వినిపించక ఏం చేస్తుంది? ఆ స్పీకరుకీ, ఆ కర్రకీ, రేడియో స్టేషనులో మైకు ముందు కూచున్న మహానుభావులకీ దక్కవలసిన పేరు గోలీకాయంత గాజుబుడ్డి కొట్టేసింది.

వాల్వుకి నిజంగా వెచ్చదనం లాంటిది ఉందంటే, దాన్ని మోయగలిగినదానికన్నా ఎక్కువ మోయించినప్పుడు ధ్వనికి అది కలిపే చిన్న వికారమే. మేనత్తగారు నెమ్మదిగా కూచుని కబుర్లు చెబుతుంటే ఆ మోత ఎక్కడిది?

అసలు వాల్వంటే ఏమిటో కాస్త చెప్పాలి. గాలి తీసేసిన గాజుబుడ్డి మధ్యలో సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. హీటరు వెలిగి దాన్ని వేడెక్కిస్తే అందులోంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి చుట్టూ ఉన్న ప్లేటుకేసి పరుగెడతాయి. దారిలో సన్నటి తీగె చుట్ట ఒకటి అడ్డం. దాని పేరు గ్రిడ్డు. మన కాలవల మీద తూము తలుపు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. తలుపు చెయ్యంత తిప్పితే దిగువకి ఎంత నీరు పోతుందో చూడండి. గ్రిడ్డు మీద మైకు తెచ్చిన చిన్న అలజడికి ప్లేటు దగ్గర అంత పెద్ద అల లేస్తుంది. తూము తలుపు జర్మనీలో చేశారా, బెంగుళూరులో చేశారా అని నీరు అడగదు. తలుపు వదులుగా ఉందా, కారుతోందా అన్నదే దానికి లెక్క.

వాల్వు పేరులోనే దాని ఇంటిపేరూ గోత్రమూ చెప్పేస్తారు. ఈసీసీ83లో ఈ అంటే హీటరు 6.3 వోల్టులది. సీ అంటే ట్రయోడు, రెండు సీలంటే ఒకే బుడ్డిలో రెండు ట్రయోడులు. 8 అంటే తొమ్మిది పిన్నుల బేసు. 3 అన్నది వరస సంఖ్య. అమెరికావాళ్ళు దీన్నే 12ఏఎక్స్7 అంటారు. రెండూ ఒకటే, తేడా లేదు. పెంచే శక్తి సుమారు 100 రెట్లు. దీని తమ్ముడు ఈసీసీ81కి 60 రెట్లు, ఈసీసీ82కి ఇరవైకి లోపు. చోటు పట్టింది కదా అని మార్చి పెడితే గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఈసీసీ88 అని మరొకటి ఉంది. అదీ తొమ్మిది పిన్నులదే, చూడ్డానికి కవలపిల్ల. కాని హీటరు పిన్నుల అమరిక వేరు. ఈసీసీ83 కోసం 6.3 వోల్టులకి కట్టిన బేసులో పెడితే వెలగనే వెలగదు. కాబట్టి కొత్త వాల్వు కొనేవాడు మొట్టమొదట కలపవలసింది గోత్రం. కంపెనీ ఊరు ఏదన్నది ఆ తరవాత మాట.

ఇహ కంపెనీల సంగతి. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ అనే ఊళ్ళో ముల్లార్డ్ వాల్వులు తయారయ్యేవి. గొప్ప సరుకే. ఇప్పుడు ముల్లార్డ్ అని పేరు కొట్టి కొత్తగా అమ్మే వాల్వులు రష్యాలో సరటోవ్ అనే ఊళ్ళో చేసినవి. టుంగ్‌సోల్ అన్న అమెరికా పేరు మీద వచ్చేవీ ఆ ఊరివే. పేరు కొనుక్కుని బుడ్డి మీద అచ్చు వేశారు. అవి పనికిరావని నేను అనడంలేదు, శుభ్రంగా పనిచేస్తాయి. స్లొవేకియాలో చేసేవీ పనిచేస్తాయి. చైనావీ పనిచేస్తాయి. 2022లో రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే ప్రపంచమంతా వాల్వులకోసం గోల పెట్టిందంటే ఎంతమంది వాటిమీద ఆధారపడి ఉన్నారో చూడండి. నేననేదల్లా పేరుకి ధర కట్టకండని.

మాది చిలకలపూడి పక్క ఊరు. రోల్డుగోల్డు నగలకి దేశమంతా పేరుమోసిన చోటు. చిలకలపూడి బంగారం కొనేవాడికీ తెలుసు అది పూత అని, అమ్మేవాడికీ తెలుసు. ఇద్దరూ నవ్వుకుంటూ బేరం చేస్తారు. అందులో మోసం లేదు. వాల్వుల బజారులో ఆ నిజాయితీ కూడా లేదు. అసలైన టెలిఫంకెన్ ఈసీసీ83కి అడుగున, పిన్నుల మధ్య, గాజులోనే డైమండు గుర్తు అచ్చు పడి ఉంటుంది. మా వాడు ఎవరో విదేశీ వర్తకుడి దగ్గర ఇరవై రెండు వేలు పోసి జత తెప్పించాడు. బుడ్డిమీద టెలిఫంకెన్ అని తెల్లటి అక్షరాలు ఉన్నాయి. తిరగేసి చూస్తే డైమండు లేదు. పంచె కొసతో తుడిస్తే సగం టెలిఫంకెన్ నా పంచెకి వచ్చింది.

పైన పటారం సరుకు మరొకటి ఉంది, అదీ చెప్పి తీరాలి. చవగ్గా దొరికే వాల్వు ప్రీయాంప్లు కొన్ని 12 వోల్టుల అడాప్టరు మీద నడుస్తాయి. ఈసీసీ83 తృప్తిగా పనిచెయ్యాలంటే ప్లేటుకి రెండొందలు, రెండొందల యాభై వోల్టులు కావాలి. అలాంటి పెట్టెలు కొన్నిటిలో దానికి నలభై యాభై వోల్టులు కూడా దక్కవు. పెంచే పనంతా పక్కనున్న చిన్న ఐసీ చేస్తుంది. వాల్వు వెనకాల ఒక పసుపుపచ్చ ఎల్ఈడీ పెట్టి, అది కణకణలాడుతున్నట్టు కిటికీలోంచి చూపిస్తారు. అందులో వాల్వు మార్చడమంటే ఉత్సవవిగ్రహానికి పట్టుపంచె మార్చడమే. కళ్ళకి బాగుంటుంది.

మరి మంచి వాల్వు ఎంచుకోవడం ఎలాగంటారా? మా షాపాయన ఎంచుకునే తీరు చెబుతాను. పేరు చదవడు. బుడ్డి నెత్తిన లోపలివైపు వెండిపూత అద్దంలా మెరుస్తోందా లేదా చూసేవాడు. పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడ్డట్టే, అవతల పారెయ్యడం. మెరుస్తూ ఉంటే సెట్టులో పెట్టి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, మైకు తీసేసి, వాల్యూము పూర్తిగా పెంచి వినేవాడు. అప్పుడు వినిపించే బుసబుస ఏ వాల్వుకి తక్కువైతే అది మొదటి స్థానానికి. పెన్సిలు వెనక రబ్బరుతో బుడ్డి నెత్తిమీద మెల్లగా కొట్టేవాడు. లోపల గ్రిడ్డు తీగెలు వదులైన వాల్వు ఆ దెబ్బకి కదిలి, మైకులాగా తనే మోగుతుంది. మోగినదాన్ని పారేసేవాడు కాదు. "ఇది రెండో స్థానానికి" అని పక్కన పెట్టేవాడు. ఎందుకంటే మొదటి వాల్వులో పుట్టిన రొదని రెండోది పెంచుతుంది. రెండోదాంట్లో పుట్టిన రొదని పెంచే నాథుడు తరవాత లేడు. సైన్సంతా ఇంతే! దీనికి జర్మనీ దాకా పోనక్కరలేదు, ఒక పెన్సిలు చాలు.

ఆ పెన్సిలుకన్నా ముందు చూడవలసినవి ఇంకా ఉన్నాయి. మాది సముద్రపు గాలి. బందరు, దివిసీమల్లో ఏ ఇంట్లోనైనా తలుపు బందుల దగ్గర్నుంచి రేడియో వాల్వు బేసు దాకా ఉప్పుతేమ తినని లోహం లేదు. పిన్ను నల్లబడితే చిటపట. బేసులో రేకు వదులైతే చిటపట. వాల్వు మార్చినప్పుడు పిన్నులు రాసుకుని ఆ నలుపు కాస్త పోతుంది, నాలుగు రోజులు బాగుంటుంది. కొత్త వాల్వు గొప్పదనమని మురిసిపోతాం. ఐదోరోజు మళ్ళీ మొదలు. ఇహ వోల్టేజి. సాయంత్రం ఊళ్ళో మోటార్లన్నీ వేసేసరికి 230 కాస్తా 200కి దిగితే, స్టెబిలైజరు లేని పెట్టెలో 6.3 వోల్టులు అందవలసిన హీటరుకి అయిదున్నర కూడా అందదు. ఆకలితో ఉన్నవాణ్ణి పాడమని, గొంతు బాగాలేదని తిట్టినట్టు. ఇరవై రెండు వేల వాల్వుకన్నా ముందు ఓ మామూలు స్టెబిలైజరు కొనమని ఎందరికి చెప్పానో!

(బేసు శుభ్రం చెయ్యబోయే కుర్రాళ్ళకి ఒక్కమాట. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో రెండొందల యాభై వోల్టులు కాసేపు దాక్కునే ఉంటాయి. మీటరు పెట్టి, కరెంటు పూర్తిగా దిగిందని చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. మా షాపాయన ఎడంచెయ్యి ఎప్పుడూ లుంగీ మడతలో దాచుకుని పనిచేసేవాడు.)

వాల్వులోంచి వచ్చే బుసబుస గురించి రెండు నెలలు దిగులుపడిన మా వాడి స్టూడియోలో నెత్తిమీద సీలింగు ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఉక్క, పాపం. గుడివాడ జంక్షన్ కదా, బందరు బండో భీమవరం బండో కూతపెట్టుకుంటూ పోతూ ఉంటుంది. వీటన్నిటినీ మైకు పూసగుచ్చినట్టు పట్టి ఇస్తుంది. వాటిమధ్య మా వాడు చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ముల్లార్డుకీ టెలిఫంకెన్‌కీ గొంతు జీరలో తేడా ఏమిటా అని తపస్సు చేస్తూ ఉంటాడు.

మీకు వాల్వులంటే గిట్టదా అని అడుగుతారు కాబోలు. ఎంతమాట! చీకటి గదిలో వాల్వు ఎర్రగా రాజుకుంటూ ఉంటే ఇప్పటికీ గంటసేపు చూస్తూ కూచోగలను. వాల్వులకి వాల్వులకి తేడా లేదనీ అనను. బుసలో ఉంది, మోతలో ఉంది, ఎంతకాలం నిలుస్తుందన్నదాంట్లో ఉంది. పేరున్న పాత కంపెనీల సరుకులో మంచివి ఎక్కువ పాలు ఉండేవన్నదీ ఒప్పుకుంటాను. కాని మంచి వాల్వు దొరికేదాకా పాట ఆగాలి అన్నవాడితో మాత్రం నాకు పేచీ. బందరు వీధుల్లో తెల్లవార్లూ నాటకాలు ఆడిన రోజుల్లో మైకుసెట్టువాడు మధ్యలో వాల్వు పోతే జేబులోంచి ఇంకోటి తీసి గుచ్చేవాడు. పద్యం ఆగేది కాదు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకుని ఉండేవాడు, అంతే.

నిరుడు కార్తీకంలో మేనత్తగారు గుడివాడ వచ్చింది. వారం రోజులుంది. మా వాడు ఆవిణ్ణి మైకు ముందు కూచోబెట్టాడు గాని, "ఇది ఊరికే టెస్టింగు అత్తయ్యా, అసలు రికార్డింగు కొత్త వాల్వులు వచ్చాక సంక్రాంతికి" అన్నాడు. ఆవిడ సరే నాయనా అంది. చిటపటలు వినిపిస్తే కుర్చీ ఎక్కి వాల్వు కదపడం, మళ్ళీ దిగడం. వారమంతా అదే తంతు. ఆవిణ్ణి బస్సెక్కించి, జర్మనీ వాల్వులకి ఆర్డరు పెట్టాడు.

ఆ వాల్వులు కస్టమ్సులో ఓ నెల కూచుని, భోగి ముందురోజు వచ్చాయి. వాటి డైమండు సంగతి చెప్పాను కదా. అయినా గుచ్చి చూశాం. చిటపట అలాగే ఉంది! నేను పెట్టె విప్పి, బేసుల్లో రేకులు బిగించి, పిన్నులు శుభ్రం చేసి, ఆ పాత బెంగుళూరు వాల్వులే మళ్ళీ పెట్టాను. చిటపట పోయింది. టింగ్‌మనే మోత మాత్రం ఉంది. మొదటి స్థానంలోదాన్ని రెండోచోట, రెండోదాన్ని మొదటిచోట పెట్టాను. అదీ పోయింది. అంతా కలిపి ముప్పావుగంట పట్టింది, అందులో అరగంట స్క్రూలు వెతుక్కోవడం. నేను ఈ పని కార్తీకంలోనే చెయ్యొచ్చు. వాడు అడగలేదు, నేనూ పంతానికి పోయి వెళ్ళలేదు. ఈ తప్పులో సగం నాదని ఒప్పుకుంటున్నాను.

ఎందుకంటే మేనత్తగారికి పుష్యమాసం రాకముందే పక్షవాతం వచ్చింది. మనిషి లేచి తిరుగుతోంది, అందర్నీ గుర్తుపడుతోంది. మాట మాత్రం రాలేదు.

ఆ టెస్టింగు ఒక్కటి కంప్యూటర్లో మిగిలిపోయి ఉంది. చెరిపేద్దామనుకున్నాడు, నేను ఒప్పుకోలేదు. పంతొమ్మిది నిమిషాలు. ఫ్యాను ఉంది, చిటపటలు ఉన్నాయి, ఆవిడ మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టినప్పుడల్లా టింగ్ అని మోత ఉంది. ఆ రాత్రి తమ వీధిలో ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, తెల్లారేసరికి ఎవరెవరు మిగిలారో, తూర్పు నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ పేర్లతో చెప్పుకొస్తోంది. గొంతు నిలకడగా ఉంది. అప్పట్లో ఆ వీధిలో ఇరవై మూడు ఇళ్ళుండేవని మొదట్లోనే చెప్పింది. పద్నాలుగో ఇంటిదాకా వచ్చింది. "ఆళ్ళ చంటిపిల్ల..." అనేంతలో మా బావమరిది గొంతు, "ఆగత్తయ్యా, వాల్వు మోగుతోంది" అని.

ఆ మాట మాత్రం చాలా స్పష్టంగా పడింది.